గంప దించే చోటు: రైతుబజార్ వెనక ఉన్న కథ



ఈసారి వానలు కొంచెం ఆలస్యమైనా పందిరి మీద బీర మంచిగ పూత పట్టింది. ఆషాఢంలో నాటిన టమాట రంగు తిరుగుతున్నది. గట్ల మీద బంతి మొగ్గ వేసింది. చిక్కుడు తీగ ఇంకా పాకుతనే ఉంది, దానికి దీపావళి దాటాలె. ఇంకో ఇరవై రోజులల్ల బతుకమ్మ. ఆ తర్వాత దసరా, సీతాపండ్లు, కార్తీకం, ఉసిరి. ఏడాది మొత్తంలో మన దగ్గర ఇన్ని రకాలు ఒక్కసారి చేతికొచ్చే కాలం ఇదే.

పోయిన వారం ఒక బేరగాడు మా పొలం కాడికి వచ్చిండు. తోటంతా తిరిగి చూసిండు. "ఎందుకన్నా తిప్పలు? గంపగుత్తగా మాట్లాడుకుందాం. తెంపుడు మాదే, బండి మాదే" అన్నడు. చెప్పిన రేటు మరీ అన్యాయమేం కాదు. కానీ నాకు మా అమ్మ మాట ఒకటి యాదికొచ్చి, రెండు రోజులు ఆగమని చెప్పి పంపిన. ఆ మాట ఏందో, ఎందుకు ఆగమన్ననో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలె. చదువుతూ ఉండండి, ఇది మనందరి ముచ్చట.

మన దగ్గర వారానికోసారి జరిగేదాన్ని అంగడి అంటం. ఆంధ్ర వైపు సంత అంటరు. పేరేదైనా పద్ధతి ఒకటే. పండించినోడు గంప ఎత్తుకొచ్చి దించుతడు, కావాల్సినోడు వచ్చి కొంటడు. పెబ్బేరులో శనివారం అంగడి ఇప్పటికీ నడుస్తది. ఏలూరులో ఆదివారపుపేట, రాజమండ్రిలో మంగళవారపుపేట, కర్నూలులో బుధవారపేట ఉన్నయి. హైదరాబాద్ పాతబస్తీలో జుమ్మేరాత్ బజార్ ఉంది, అంటే గురువారం బజార్. వారాల పేర్లు ఊళ్ల మీద ఇట్ల నిలిచిపోయినయంటే, మన బతుకుల్లో అంగడి ఎంత పెద్ద సంగతో చూడండి.

అంగడిల మన గంప మనదే, మన మాట మనదే. తైబజార్ రుసుము కట్టేది, పొద్దు గుంకేదాకా అమ్మేది, ఉప్పు, పప్పు, బట్ట కొనుక్కొని ఇంటికొచ్చేది. అయితే అంగడి వారానికొకసారే. బెండకాయకు వారాల లెక్క తెలియదు. రెండు రోజులు తెంపకపోతే ముదురుతది. పట్నం పెరిగినకొద్దీ కూరగాయలకు రోజూ గిరాకీ పెరిగింది. రోజూ పట్నం పోయి కూర్చునే తీరిక, చోటు రైతుకు లేవు. ఆ ఖాళీలోకి నడిమిట్ల మనిషి వచ్చిండు.

నడిమిట్ల మనిషి అంటే దొంగ అని నేను అనను. మన సరుకు దూరం పోవాలంటే ఒకరు కావాల్సిందే. చిక్కు ఎక్కడొచ్చిందంటే, రేటు చెప్పేది అతనే, జోకేది అతనే, పైసలు లెక్కపెట్టేది అతనే. పాత మార్కెట్లలో తువ్వాల కింద బేరం నడిచేది. అడ్తిదారు, కొనేటోడు తువ్వాల కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకొని రేటు తేల్చుకునేది. పక్కనే నిలబడ్డ రైతుకు తన సరుకు ఎంతకు పోయిందో వాళ్లు చెప్పేదాకా తెలియదు. ఆ తర్వాత తక్‌పట్టీలో కమీషన్, హమాలీ, తరుగు పోను ఏం మిగిలితే అదే మనది.

దీన్ని ఆపాలని సర్కార్లు చట్టాలు తెచ్చినయి. ఎవరి కోసం మొదలుపెట్టినయో చూడండి. మన దేశంలో నియంత్రిత మార్కెట్ మొట్టమొదట 1886లో బీరార్ ప్రాంతంలోని కారంజాలో వచ్చింది. ఇప్పుడది మహారాష్ట్రలో ఉంది. అప్పట్లో బీరార్ పేరుకు నిజాందే అయినా, 1853 నుంచి ఇంగ్లీషోళ్ల చేతిలో ఉండె. ఆ మార్కెట్ హైదరాబాద్ రెసిడెన్సీ ఉత్తర్వు మీదనే ఏర్పడింది. దేనికోసం అంటే పత్తి కోసం. ఇంగ్లండ్ మిల్లులకు మంచి పత్తి, సరైన తూకంతో, నమ్మకంగా అందాలె. రైతుకు జరిగిన మేలు దాని వెనక వచ్చిన మేలు.

వ్యవసాయం మీద వేసిన రాయల్ కమిషన్, ఇటువంటి మార్కెట్లు దేశమంతా ఉండాలని 1928లో చెప్పింది. 1930లో నిజాం సర్కారు హైదరాబాద్ వ్యవసాయ మార్కెట్ల చట్టం చేసింది. 1933లో మద్రాసు రాష్ట్రంలో ఇంకో చట్టం వచ్చింది. దాని పేరులోనే వాణిజ్య పంటలు అని ఉంది. రెండు ప్రాంతాలు ఒక్కటైనంక 1966లో ఆంధ్రప్రదేశ్ మొత్తానికి ఒకే మార్కెట్ల చట్టం వచ్చింది. మార్కెట్ కమిటీలు, యార్డులు, లైసెన్సులు, బహిరంగ వేలం, సర్కారు ముద్ర ఉన్న కాంటా, దడ్వాయి, ఇవన్నీ ఆ దారిలో వచ్చినవే. వరంగల్‌లో ఎనుమాముల, గుంటూరులో మిర్చి యార్డు, నిజామాబాద్‌లో పసుపు ఇట్లనే పెద్దగైనయి. తువ్వాల కింది బేరం పోయి, నలుగురి ముందు పాట పాడే రోజు రావడం చిన్న సంగతేం కాదు.

కానీ మన కూరగాయల ముచ్చట వేరే. పత్తి బస్తా రేటు నచ్చకపోతే ఇంటికి తెచ్చుకోవచ్చు, నెల రోజులు ఆగొచ్చు. పాలకూర కట్ట పొద్దుగాల ఆరింటికి ఒక రేటు, పదింటికి ఇంకో రేటు, మధ్యాహ్నానికి పశువుల ముందుకు. కూరగాయల టోకు మార్కెట్లు కూడా మెల్లమెల్లగా కమిటీల కిందికి వచ్చినా, వాడిపోయే సరుకు పట్టుకొని నిలబడ్డ రైతుకు బేరమాడే బలం ఎక్కడిది? పైగా ఒక గంప బెండ, అర గంప కాకర, పది కట్టల తోటకూర తెచ్చిన చిన్న రైతును టోకు మార్కెట్‌లో చూసేటోడే ఉండడు.

మా నాయిన కాలంలో ఇదే నడిచింది. రాత్రే తెంపి, గోనె తడిపి కప్పి, తెల్లారగట్ల మొదటి బస్సు మీద వేసుకొని పట్నం పోయేది. మీర్ ఆలం మండీల అడ్తి కాడ దించేది. వచ్చేటప్పుడు రుమాలలో కట్టుకొచ్చిన పైసలు చూసి అమ్మ ఏం అడగకపోయేది. ఒక్కోసారి బస్సు కిరాయి పోను చాయ పైసలు కూడా మిగలలే. అదే రోజు అదే కూర పట్నపు గల్లీల రెండింతలకు అమ్మింది. నాయినకు ఆ సంగతి తెలుసు. కానీ ఏం చేస్తడు? కూర్చోవడానికి చోటు లేదు. ఫుట్‌పాత్ మీద గంప దించితే ఒకడొచ్చి లెమ్మనేది, ఇంకొకడొచ్చి పైసలడిగేది.

ఇటువంటి తిప్పలకు మందు మొదట పంజాబ్‌లో కనిపించింది. 1987లో అక్కడి మండీ బోర్డు 'అప్నీ మండీ' అని మొదలుపెట్టింది. మన మండీ అని దాని అర్థం. చండీగఢ్ చుట్టుపక్కల రైతులు కూరగాయలు తెచ్చి నేరుగా పట్నమోళ్లకే అమ్ముకునే ఏర్పాటు అది.

1998 చివర ఉల్లిగడ్డ రేటు ఆకాశానికి పోయింది. పెద్దోళ్లకు యాదికుంటది. ఆ నవంబర్‌లో ఢిల్లీ ఎన్నికల్లో సర్కారు ఓడిపోవడానికి ఉల్లి కూడా ఒక కారణమని దేశమంతా చెప్పుకున్నరు. కొనేటోడు ఏడుస్తుండు, పండించేటోడు నవ్వుత లేడు. మరి నడిమిట్ల పైసలు ఎటు పోతున్నయి అనే ప్రశ్న అప్పుడు గట్టిగా లేచింది. రెండు నెలలకు, 1999 జనవరి 26న, చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు మొదలైనయి. హైదరాబాద్‌లో మెహదీపట్నం, ఎర్రగడ్డ, సరూర్‌నగర్, కూకట్‌పల్లి, విశాఖలో ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, విజయవాడలో స్వరాజ్ మైదానం, ఇట్ల ఒక్కొక్కటి జనం నోట్లో నానినయి.

కారంజాలో పత్తికి మార్కెట్ వచ్చింది 1886లో. కూరగాయల రైతుకు పట్నంలో కూర్చునే చోటు దొరికింది 1999లో. మధ్యలో 113 ఏళ్లు పోయినయి. ఈ లెక్క మనం మర్చిపోవద్దు.

రైతుబజార్ అంటే రేకుల షెడ్డు అనుకుంటం. అసలు సంగతి దాని నియమాలలో ఉంది. ఒక్కోటి ఎందుకు పెట్టిన్రో చూడండి.

మొదటిది గుర్తింపు కార్డు. ఊళ్లను ఎంపిక చేసి, రెవెన్యూ, వ్యవసాయ, ఉద్యాన శాఖలోళ్లు వచ్చి, నిజంగా కూరగాయలు పండించేది ఎవరో చూసి ఫొటో కార్డు ఇచ్చేది. కార్డు లేనోడు కూర్చోవద్దు. ఎందుకంటే చోటు మంచిదైతే ముందుగా వచ్చి కూర్చునేది వ్యాపారే.

రెండోది, స్టాలుకు కిరాయి లేదు, కమీషన్ లేదు. కాంటా కూడా అక్కడిదే ఇచ్చేది. నాయిన కాలంలో తక్‌పట్టీలో కోసేసినవన్నీ ఇక్కడ తీసేసిన్రు.

మూడోది రేటు. పొద్దుగాల బోర్డు మీద రాస్తరు. టోకు రేటు కన్నా పావు వంతు ఎక్కువ, బయటి చిల్లర రేటు కన్నా పావు వంతు తక్కువ ఉండాలని పెట్టుకున్న లెక్క అది. ఉదాహరణకు టోకులో కిలో 20 రూపాయలుంటే రైతుబజార్‌లో 25. అదే కూర బయట 33 దాకా ఉంటది. మనకు 5 ఎక్కువ, కొనేటోడికి 8 తక్కువ. నడిమిట్ల పోయే 13 రూపాయలు ఇద్దరం పంచుకున్నట్టు. టోకులో మనకొచ్చే 20లో కమీషన్, తరుగు మళ్లీ కోస్తరు కాబట్టి అసలు తేడా ఇంకా ఎక్కువే.

నాలుగోది బండి. సరుకు తెచ్చుకోవడానికి ఆర్టీసీతో మాట్లాడి కొన్ని దారులల్ల బస్సులు ఏర్పాటు చేసిన్రు. ఐదోది, పప్పు, నూనె, చింతపండు అమ్మడానికి డ్వాక్రా సంఘాల అక్కలకు కూడా లోపల చోటు ఇచ్చిన్రు. కూరగాయలకు వచ్చినోళ్లు అన్నీ ఒక్కచోటే కొనుక్కుంటే బజార్ నిలబడుతదని.

ఇప్పుడు అమ్మ మాట చెప్త. కార్డు వచ్చినంక నాయినకు జ్వరం ఉండి, మొదటి రోజు అమ్మే పోయింది. మెహదీపట్నంలో కూర్చుంది. అంతకు ముందు అమ్మ తెంపింది, కడిగింది, కట్టలు కట్టింది, గంప ఎత్తింది. కానీ ఎన్నడూ రేటు చెప్పలే, ఎన్నడూ జోకలే. ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చి గంప బోర్లించి, ఇంట్లో అందరికీ వినపడేటట్టు అన్నది: "ఇయ్యాల నా చేతితోటి నేనే జోకిన." ఎన్ని పైసలొచ్చినయో ఆ తర్వాత చెప్పింది. ముందు చెప్పింది ఆ మాట.

ఇప్పుడు పక్క రాష్ట్రం సంగతి. అదే 1999లో నవంబర్ 14న తమిళనాడులో, మధురైలోని అన్నానగర్‌లో, 'ఉళవర్ సందై' మొదలైంది. రైతు సంత అని దాని అర్థం. కరుణానిధి ముఖ్యమంత్రి. చూస్తుండగానే వందకు పైగా వచ్చినయి. 2001లో సర్కారు మారింది. కొత్తోళ్లు పట్టించుకోలే. చాలా చోట్ల మూతపడ్డయి, కొన్ని పేరుకు మిగిలినయి. 2006లో సర్కారు మళ్లీ మారినంక మళ్లీ తెరిచిన్రు. దీంట్ల ఏ పార్టీ మంచిది, ఏ పార్టీ చెడ్డది అని నేను చెప్పబోత లేను. సర్కారు ఇచ్చిన చోటును సర్కారు ఇడిచిపెట్టనూ వచ్చు, అది గుర్తుంచుకోవాలె.

మన దగ్గర సర్కార్లు మారినయి, 2014లో రాష్ట్రమే రెండైంది, రైతుబజార్ పేరు మాత్రం రెండు దిక్కులా నిలబడ్డది. 2020లో లాక్‌డౌన్ పడ్డప్పుడు హైదరాబాద్‌లో మొబైల్ రైతుబజార్ పేరుతో కూరగాయల బండ్లు కాలనీలకు పోయినయి. ఆంధ్రలో రైతుబజార్లను పెద్ద పెద్ద మైదానాల్లోకి మార్చి నడిపిన్రు. అంత కష్టకాలంలో పట్నమోళ్లకు మన గంప విలువ తెలిసింది. అలవాటైన జనం ఉన్నన్ని రోజులు దాన్ని ఎవరూ తీసెయ్యలేరు.

మరి భయం ఎక్కడుంది? లోపల ఉంది. మన తప్పు కూడా ఒప్పుకోవాలె.

మూడేండ్ల కింద నేను ఒక రైతుబజార్‌కు పోయిన. ఏదో చెప్పను. మా ఊరి పేరు రాసి ఉన్న స్టాలు కాడ ఆగిన. కూర్చున్నాయన మా ఊరోడు కాదు, మా చుట్టుపక్కలోడూ కాదు. ముంగట క్యారెట్, క్యాప్సికం, కోల్డ్ స్టోరేజీల నుంచి వచ్చిన ఆలుగడ్డ. మా ఊళ్ల ఆలుగడ్డ ఎవరు పండిస్తరు? కోపమొచ్చి అడుగుదామనుకున్న. అప్పుడే యాదికొచ్చింది, మా ఇంటి కార్డు ఇనుప పెట్టెలో ఉంది, నాయిన పోయినంక మూడేండ్ల సంది దాన్ని ముట్టలే. మా ఊళ్ల కార్డులున్నోళ్లు పది మంది ఉంటే రోజూ పోయేది ముగ్గురే. ఖాళీ ఉన్న చోట ఎవడో ఒకడు కూర్చుంటడు. చోటు వాడు గుంజుకున్నడా, మనమే ఇడిచిపెట్టినమా? రెండూ నిజమే. అధికారులు తనిఖీ చెయ్యాలె, ఆ మాట గట్టిగనే అడగాలె. కానీ మన కార్డు పెట్టెలో పెట్టుకొని అడిగితే మన మాటకు బలం ఉండదు.

ఎందుకు పోతలేమో నాకూ తెలుసు. ఒక మనిషి రోజంతా అక్కడే కూర్చోవాలె. ఇంట్ల మనుషులు తక్కువైన్రు. కూలీ దొరకదు. సాయంత్రం మిగిలితే నష్టమే. ఒక్కటే పంట ఎకరాలకు ఎకరాలు వేసినోళ్లకు రైతుబజార్ సరిపోదు, నిజం చెప్పాలె. పది క్వింటాళ్ల టమాట అక్కడ కూర్చొని అమ్మలేం, అది టోకుకే పోవాలె. రైతుబజార్ లాభం పది గుంటల్లో ఆరు రకాలు వేసినోళ్లది. కొనే అక్క బీరకాయ కోసం వచ్చి, పుంటికూర చూసి, గంగవాయిలి కూర చూసి, "ఇది చిన్నప్పుడు తిన్నం" అని అవి కూడా కొంటది. మనం గట్టు మీద పీకి పారేసే కూరకు అక్కడ గిరాకీ ఉంటది.

అందుకే ఈ కాలం గురించి ఇంత పొడుగు చెప్తున్న. రాబోయే నెలల లెక్క చూడండి. బతుకమ్మకు తొమ్మిది రోజులు బంతి, గునుగు, తంగేడు. గునుగు, తంగేడు మనకు విత్తనం ఖర్చు లేదు, మందు ఖర్చు లేదు, పట్నంలో మాత్రం కట్టకింత అని అమ్ముతరు. దసరా నుంచి దీపావళి దాకా గుట్టల సీతాపండ్లు. కార్తీకంలో ఉసిరి. చలి మొదలైనంక చిక్కుడు, అనపకాయ, వంకాయ, కొత్తిమీర. సంక్రాంతికి పచ్చి శనగ, రేగుపండ్లు. అన్నీ మన ఊళ్ల దొరికేవే. ఒక్కరి దగ్గర అన్నీ ఉండవు, కానీ పది ఇండ్లు కలిస్తే గంప నిండుతది.

మేం ఏడిండ్లోళ్లం మొన్న కూర్చొని ఒక ఒప్పందం చేసుకున్నం. వారానికి ఏడు రోజులు, ఇంటికొక రోజు వంతు. కార్డు సంగతి ముందుగా అక్కడి ఆఫీసులో చెప్పి, ఎవరు కూర్చుంటరో, ఎవరి పంట ఎంతో రాసిస్తం, పాత కార్డులు కొత్తగా చేయించుకుంటం. బయటి సరుకు ఒక్క కాయ కూడా కలపం. ఎవరి కాయ ఎవరిదో ఒక నోటుబుక్కులో రాస్తం. ఆటో కిరాయి అందరం పంచుకుంటం. మిగిలిన కూర సాయంత్రం ఏ రేటుకు తెంపాలో కూర్చున్నోడి ఇష్టం, మరునాడు దాని మీద లొల్లి పెట్టొద్దు. ఇంతే. ఎక్కడ చెడుతదో మొదటి నెలలోనే తెలుస్తది, తెలిస్తే సరిచేసుకుంటం.

బేరగాడికి నిన్న ఫోన్ చేసి చెప్పిన. టమాట సగం నీకే ఇస్త, బీర, బెండ, ఆకుకూరలు, బంతి ఇయ్య అని. నవ్విండు. "ఎన్ని రోజులు కూర్చుంటవే అన్నా, పది రోజులకు నువ్వే పిలుస్తవు" అన్నడు. అతని మాటలో అబద్ధం లేదు, ఇంతకు ముందు నేను అట్లనే చేసిన.

మీ ఇంట్ల కూడా ఒక కార్డు ఉండొచ్చు. పెట్టెలో, బీరువాలో, పాస్‌బుక్ మధ్యలో. ఒకసారి తీసి చూడండి. ఫొటోలో ఉన్నది మీ అమ్మో, నాయినో కావచ్చు. వాళ్లకు ఆ చోటు దొరకడానికి ఎంత కాలం పట్టిందో పైన లెక్క చెప్పిన. దాన్ని మళ్లీ రాయించుకోవడానికి ఒక్క పూట చాలు.

ఎంగిలిపూల బతుకమ్మ పొద్దున మా వంతు. అమ్మకు ఇప్పుడు మోకాళ్ల నొప్పులు, బస్సెక్కలేదు. అయినా "నన్ను ఆటోల కూర్చోబెట్టి తీస్కపో, కాంటా నేను పట్టుకుంట" అంటున్నది. తీస్కపోతున్న. అటు దిక్కు వస్తే ఆగండి, బంతిపూలు మీకు కొసరు ఎక్కువే వేస్తది.